చుట్టాలొస్తే చిలుకకు పరీక్షా?

హుటాన్ మెలింటాంగ్‌లో పండగంటే తలుపు మూసే పనే ఉండదు. ఉగాదికైనా దీపావళికైనా ‘ఓపెన్ హౌస్’ పేరిట మలయ్, చైనీస్ ఇరుగుపొరుగూ, ఎస్టేట్ల నాటి మన చుట్టాలూ వరసగా వస్తారు. మనకది సంబరం, పంజరంలోని చిలుకకు గండం.

వచ్చినవాళ్లంతా ఊచల్లో వేలు పెట్టి ‘మాట్లాడు, మాట్లాడు’ అంటారు. పైనుంచి దిగే చెయ్యి చిలుకకు గద్దలా కనిపిస్తుంది. కరిచే ముందు అది చెబుతూనే ఉంటుంది: కంటిపాప గబగబా చిన్నదై పెద్దదవుతుంది, మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి, లేదా ఒళ్లు సన్నగా బిగుసుకుంటుంది. అప్పటికీ వేలు తియ్యకపోతే గాయం పసివాడికి, నింద చిలుకకు.

అతిథిని వద్దనడానికి మనవాళ్లకు మొహమాటం. నాకు లేదు. ‘బాబూ, కాస్త దూరంగా ఉండి చూడమ్మా’ అంటాను. జనం పెరిగితే పంజరాన్ని వెనకగదిలో గోడకు ఆనించి పెడతాను. వెనకనుంచి ఎవరూ రారన్న ధైర్యం దానికి చాలు. ఆ రోజు పంజరం తెరవను. బయట పామాయిల్ తోటలే, ఎగిరిందంటే మళ్లీ దొరకదు. చాక్లెట్, అవకాడో పెట్టనివ్వను, అవి దానికి విషం. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మాడితే ఆ ఆవిరికే ప్రాణం పోతుంది, అందుకే పంజరం అటు ఉండదు.

మరో మాట. ఇండియాలో మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇక్కడ 2010 చట్టం కింద చాలా రకాలకు పెర్హిలితాన్ లైసెన్సు కావాలి. చుట్టాల పిల్లాడు ‘నాకూ ఒకటి కావాలి’ అన్నప్పుడు ముందు చెప్పాల్సింది ఇదే.