ఓటు అడగండి, మనిషిని లాక్కోకండి

ఎన్నికల్లో గెలిచిన నాయకుడు ప్రమాణ స్వీకారం నాడు ఓడినవారిని కూడా కలుపుకొని వెళ్తానని చెప్పడం మనకు ఆనవాయితీ. ఆ మాటను తప్పుపట్టాల్సిన పనిలేదు. సగం ఓట్లు కూడా రాకుండానే సభలో భారీ ఆధిక్యం దక్కే ఎన్నికల పద్ధతిలో, మిగిలిన సగానికి ప్రాతినిధ్యం వహించేవారిని పట్టించుకోకుండా పాలించడం అన్యాయం. అయితే గడిచిన పదేళ్లలో తెలుగు రాష్ట్రాల్లో ఆ కలుపుగోలుతనం ఎదుటి పార్టీ ఎమ్మెల్యేకు కండువా కప్పడం దగ్గరే ఆగిపోయింది. కొత్తగా ఎన్నికైన నాయకుడు ప్రతిపక్షంలోని మితవాదులను కలుసుకోవాలి, ఒప్పించాలి, అవసరమైతే వారి మాట విని తన బిల్లును మార్చుకోవాలి. కానీ వారిని వారి పార్టీలోనే, ప్రజలు కూర్చోబెట్టిన బల్లమీదే ఉండనివ్వాలి. అడగాల్సింది ఒక అంశంపై వారి ఓటును మాత్రమే.

ఈ రెండు దారుల మధ్య తేడా ఎంతో చూపడానికి మన తెలుగు ప్రధాని పాలనే చాలు. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి లోక్‌సభలో ఆయన పార్టీకి మెజారిటీ లేదు, ఆయన ఎంపీ కూడా కాదు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికకు నిలబడితే, కాంగ్రెస్‌ను ఎదిరించడానికే పార్టీ పెట్టిన ఎన్టీఆర్, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో తన అభ్యర్థిని పోటీకి దింపలేదు. పి.వి. 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. దానివల్ల తెలుగుదేశం కాంగ్రెస్ తోక పార్టీ అయిపోలేదు, మూడేళ్లకు రాష్ట్రంలో అదే కాంగ్రెస్‌ను చిత్తుగా ఓడించింది. లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ పదవిని 1991లోనే బీజేపీ సభ్యుడు మల్లికార్జునయ్యకు ఇచ్చారు. 1994లో కశ్మీర్‌పై పాకిస్తాన్ జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం పెట్టినప్పుడు, మన దేశ బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని పంపారు. పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకుంది. వాజ్‌పేయి తిరిగొచ్చి మళ్లీ ప్రతిపక్ష బెంచీలోనే కూర్చున్నారు, ప్రభుత్వాన్ని యథాప్రకారం విమర్శించారు. ఆయన ఆ బెంచీ మనిషి కాబట్టే జెనీవాలో ఆయన ఉనికికి అంత విలువ వచ్చింది.

అదే పి.వి. ప్రభుత్వం రెండో దారి కూడా తొక్కింది. తెలుగుదేశం ఎంపీల్లో ఒక వర్గం చీలి ఢిల్లీలో ప్రభుత్వానికి అండగా నిలిచింది. 1993 జులై 28న అవిశ్వాస తీర్మానం 251 - 265 ఓట్లతో వీగిపోయింది. ఆ 14 ఓట్ల తేడా వెనుక జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు ముడుపులు అందాయన్న కేసు ఏళ్లతరబడి నడిచింది. 2000లో ప్రత్యేక కోర్టు పి.వి.ని దోషిగా తేల్చింది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. ఆయన వ్యక్తిగతంగా బయటపడ్డారు గానీ ఆ ఓటింగ్ దేశానికి అంటగట్టిన మచ్చ మాత్రం మిగిలింది. డబ్బు తీసుకొని సభలో ఓటేసిన సభ్యుడికి విచారణ నుంచి రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ కేసు ఫలితమే. దాన్ని రద్దు చేయడానికి 2024 మార్చి 4 దాకా, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా ఆగాల్సి వచ్చింది.

తెలుగు రాష్ట్రాలు పి.వి. పాలనలోని మొదటి పుట వదిలేసి రెండోదే వల్లెవేస్తున్నాయి. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ ఎమ్మెల్యేలు 23 మంది తెలుగుదేశం వైపు వెళ్లారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. అందుకు నిరసనగా ప్రతిపక్షం సభనే బహిష్కరించింది. 2019 తర్వాత కొందరు తెలుగుదేశం ఎమ్మెల్యేలు కండువా మాటెత్తకుండానే వైసీపీ ప్రభుత్వం వైపు చేరారు. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023లో కాంగ్రెస్ గెలిచాక పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు ఫిరాయించారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న కోర్టు సభాపతికి చెప్పాల్సి వచ్చింది. పార్టీలు మారినా అందరూ చెప్పిన కారణం ఒక్కటే: నియోజకవర్గ అభివృద్ధి. ప్రతిపక్షంలో ఉంటే రోడ్డు రాదు, నిధులు రావని ఎమ్మెల్యే బాహాటంగా ఒప్పుకుంటున్నాడంటే, తనకు ఓటెయ్యని ఊళ్లను ప్రభుత్వం శిక్షిస్తోందన్న ఆరోపణను అతనే ధ్రువపరుస్తున్నట్లు. ఆ మాట విన్న ముఖ్యమంత్రి సిగ్గుపడాలి, స్వాగత సభ పెట్టకూడదు.

ప్రజా పద్దుల కమిటీల సంగతి ఇంకా దగ్గరగా చూడాలి. ప్రభుత్వ ఖర్చును కాగ్ నివేదికల ఆధారంగా ప్రశ్నించే కమిటీ అది. ప్రశ్నించేవాడు ప్రభుత్వం మనిషి కాకూడదు గనుక అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం సంప్రదాయం. తెలంగాణలో 2024లో ఆ పదవి ఎవరికి వెళ్లింది? బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచి, కాంగ్రెస్‌లో చేరారని సొంత పార్టీయే ఆరోపిస్తున్న ఎమ్మెల్యేకు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది నవంబరులో, 11 మంది బలమే ఉన్న వైసీపీ ఎన్నికను బహిష్కరించగా, అధికార కూటమిలోని జనసేన సభ్యుడు అధ్యక్షుడయ్యారు. కేంద్రంలో 17వ లోక్‌సభ ఐదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే గడిచిపోయింది. ప్రతిపక్షానికి హుందాగా ఇవ్వడానికి చట్టసభల్లో ఉన్నవే రెండు మూడు కుర్చీలు. వాటినీ దక్కనివ్వకుండా సహకారం గురించి మాట్లాడితే ఎవరు నమ్ముతారు?

నాయకుల బుద్ధితోపాటు చట్టంలోనూ తప్పుంది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. ప్రభుత్వాన్ని పడగొట్టే ఓటుకే కాదు, ఏ బిల్లు మీదైనా విప్ జారీ చేయవచ్చు. భూముల చట్టంలో మంచి ఉందని నమ్మిన ప్రతిపక్ష సభ్యుడు ఆ ఒక్క బిల్లుకు చెయ్యెత్తితే అనర్హుడవుతాడు. అదే మూడింట రెండొంతుల మందితో కలిసి మూకుమ్మడిగా పార్టీ మారితే చట్టం అతన్ని కాపాడుతుంది, ఒంటరిగా మారినా సభాపతి తేల్చేసరికి ఐదేళ్లు గడిచిపోవచ్చు. మనసుకు తోచిన ఓటును శిక్షించి, గుంపు ఫిరాయింపును మన్నించే ఈ చట్టం కింద మితవాదికి మిగిలిన దారి మౌనం లేదా కండువా. విప్‌ను విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి సందర్భాలకే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. ఏ ప్రభుత్వమూ చెవిన పెట్టలేదు.

ఈ సంకెల లేనిచోట ఏం జరుగుతుందో 2009లో అమెరికా చూపించింది. ఆర్థిక సంక్షోభం మధ్య గద్దెనెక్కిన ఒబామా, ఉద్దీపన బిల్లు కోసం జనవరి 27న స్వయంగా రిపబ్లికన్ల దగ్గరకు వెళ్లి మాట్లాడారు. మర్నాడు ప్రతినిధుల సభలో వారి నుంచి ఒక్క ఓటూ రాలేదు. సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, సొంత బలం చాలదు. రిపబ్లికన్లలో ముగ్గురు మితవాదులు, మెయిన్ రాష్ట్రానికి చెందిన సుసాన్ కాలిన్స్, ఒలింపియా స్నో, పెన్సిల్వేనియాకు చెందిన ఆర్లెన్ స్పెక్టర్ బేరానికి కూర్చున్నారు. కాలిన్స్ బృందం ఖర్చును 100 బిలియన్ డాలర్ల మేర కోయించింది. స్పెక్టర్ వైద్య పరిశోధనకు 10 బిలియన్లు అడిగి తీసుకున్నారు. ఫిబ్రవరి 13 రాత్రి, తల్లిని పోగొట్టుకున్న డెమొక్రాట్ సెనేటర్ షెరాడ్ బ్రౌన్ ఒహాయోలోని సొంతూరి నుంచి ప్రభుత్వ విమానంలో వచ్చి చివరి ఓటు వేసేదాకా ఐదు గంటలకు పైగా ఓటింగ్ తెరిచి ఉంచారు. 60 - 38. 787 బిలియన్ డాలర్ల బిల్లు గట్టెక్కింది. ఆ ముగ్గురూ అడిగిన ధర బిల్లు పాఠంలోనే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. ఒక్కరికీ మంత్రి పదవి దక్కలేదు.

అంత తిరిగితే మూడు ఓట్లేనా, దానికోసం ప్యాకేజీని కుదించడం అవివేకమని అప్పట్లో ఆర్థికవేత్తలే కొందరు విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. కానీ ఆ మూడూ లేకపోతే కుదించిన బిల్లు కూడా ఉండేది కాదు. స్పెక్టర్ తర్వాతి కథ ఇంకా గమనించదగ్గది. సొంత పార్టీ ఆగ్రహం భరించలేక ఏప్రిల్‌లో డెమొక్రాట్లలో చేరారు, 2010లో ఆ పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయారు. కాలిన్స్ రిపబ్లికన్‌గానే ఉండిపోయి 2014లో, 2020లో మళ్లీ గెలిచారు. ఎదుటి పక్షంలో నిలిచి ఉన్న మితవాది రేపు ఇంకో బిల్లుకూ పనికొస్తాడు. లాక్కొచ్చిన వాడు మన వెనుక బెంచీలో ఇంకో తలకాయ మాత్రమే.

విప్ సడలిస్తే బేరసారాలు పెరుగుతాయని భయపడేవారున్నారు. 1985 నుంచి విప్ ఉండగానే బేరాలు రాజధాని హోటళ్లలో, రిసార్టుల్లో నడిచాయి కదా. ఓటుకు డబ్బు తీసుకోవడం ఇప్పుడు నిస్సందేహంగా శిక్షార్హం, ఆ కేసులను త్వరగా విచారించడమే మందు. జనం పార్టీ గుర్తు చూసి ఓటేశారన్న అభ్యంతరమూ ఉంది. నిజమే. అందుకే ప్రభుత్వాన్ని నిలిపే, పడగొట్టే ఓట్లకూ, బడ్జెట్‌కూ విప్ ఉండాలి, పార్టీ మారినవాడు తక్షణం రాజీనామా చేయాలి, విలీనం పేరిట ఉన్న మినహాయింపు తొలగాలి, అనర్హతను సభాపతి చేతిలోంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించాలి. పార్టీ గుర్తు మీద నమ్మకాన్ని అన్నింటికంటే ఎక్కువగా వమ్ము చేసేది ఫిరాయింపే.

పదో షెడ్యూలును సవరించడం పార్లమెంటు పని, దానికి మన ఎంపీలు పార్టీలకు అతీతంగా గొంతు కలపాలి. ఈలోగా రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ప్రజా పద్దుల కమిటీని ప్రతిపక్షం నిజంగా ఎంచుకున్న సభ్యుడికి అప్పగించండి. ముఖ్యమైన బిల్లులను ఆ పూటకా పూట పాస్ చేయకుండా సభా సంఘానికి పంపి, ప్రతిపక్షం చెప్పిన సవరణల్లో మంచివాటిని వారి పేరు మీదే ఆమోదించండి. నియోజకవర్గ నిధులకు పార్టీతో సంబంధం లేని లెక్క పెట్టి బయటపెట్టండి. ప్రతిపక్షాలు కూడా సభకు రావాలి, బహిష్కరణలు మానాలి. ఫిరాయించిన ఎమ్మెల్యేలందరి చేత రాజీనామా చేయించి, ఉప ఎన్నికల్లో ప్రజల ముందుకు పంపండి.