శూన్యము కాని ఇసుక

గౌతమి, వసిష్ఠ అను గోదావరి పాయలకును సముద్రమునకును నడుమ దీవివలె నున్నది కోనసీమ. అంతర్వేది, ఓడలరేవు మొదలైన చోట్ల దీని అంచున ఇసుకతిన్నెలు పరచుకొని యున్నవి. సెలవుదినములలో జనులు గుంపులుగా అచ్చటికి వచ్చుచుందురు.

ఆ యిసుక చూచువారికి శూన్యముగా తోచును. కాని అది శూన్యము కాదు. శీతకాలమున ఉల్లంకిపిట్టలు సైబీరియా వంటి ఉత్తరదేశముల నుండి వేలమైళ్లు ఎగిరి వచ్చి, తడియిసుకలో పురుగుల నేరుకొని తినును. తిరుగు ప్రయాణమునకు వలయు బలము వానికి ఆ మేతయే. ఇచ్చటనే యుండు చిన్న ఉల్లంకులు వేసవిలో పొడియిసుకపై చిన్నగుంట చేసి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్ల రంగు ఇసుక రంగే. శత్రువుల కంటబడకుండ కాపాడు ఆ రంగే, మనుష్యుల కాలిక్రిందను, బండిచక్రము క్రిందను వానికి ముప్పు తెచ్చుచున్నది. తల్లిపక్షి బెదరి లేచిపోయినచో గ్రుడ్లు ఎండకు మాడును; లేదా కాకుల పాలగును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గాని, తెలియక పడు అడుగును చట్టము ఆపజాలదు.

జనులు రాకున్నచో తీరమున చిరుతిండ్లు అమ్ముకొనువారి బ్రతుకేమగునని కొందరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని తీరమంతయు మూయనక్కరలేదు. గ్రుడ్లు పెట్టు నెలలలో కొంతమేర కంచె కట్టి విడువవలెను. బండ్లు తిన్నెలపైకి పోరాదు. తినగా మిగిలినది అచ్చట పారవేయనిచో కాకులును, కుక్కలును చేరవు.

కోనసీమ అతిథిమర్యాదకు పేరుపడినది. రెక్కలతో వచ్చువారికిని కొంత చోటు విడుచుట ఆ మర్యాదకు తగియుండును.