బెట్టను లెక్కించని కరువు లెక్కలు

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన కురిసే జిల్లా అనంతపురం అని నివేదికల్లో, సభల్లో, పత్రికల్లో దశాబ్దాలుగా చెప్పుకుంటున్నాం. ఇది నిజం కాదు. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. బాడ్‌మేర్, బికనేర్‌లలో సగటు 300 లోపే. లద్దాఖ్‌లోని లేహ్‌లో 100 పడితే గొప్ప. ఉమ్మడి అనంతపురం సగటు 552 మిల్లీమీటర్లు. ఆ మాట వల్ల జిల్లా మీద నలుగురికీ జాలి కలిగి ఉండవచ్చు గాని, అసలు జబ్బు మరుగున పడింది. ఎంత వాన పడిందన్న దానికన్నా ఎప్పుడు పడిందన్నదే ఇక్కడి రైతు బతుకును తేలుస్తుంది.

పడమటి కనుమలు నైరుతి మేఘాల్లోని తేమనంతా కర్ణాటక తీరంలోనే పిండేస్తాయి. కనుమలు దాటి ఇటు వచ్చేది చాలావరకు గాలే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ గాలి ఎంత బలంగా వీస్తుందో రామగిరి కొండల మీది గాలిమరలను చూస్తే తెలుస్తుంది. కరెంటు పుట్టించే ఆ గాలే ఎర్రనేలలోని కాస్త పదునునూ ఆరబెడుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఇసుకను తెచ్చి పొలాల మీద పోసేదీ అదే. ఇక ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి బయల్దేరి నెల్లూరును తడిపి ఇక్కడికి చేరేసరికి నీరసపడతాయి. రెండు రుతుపవనాలకూ ఈ జిల్లా చివరి ఆయకట్టు. 600 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్న హిందూపురం, మడకశిర వైపు ఎండలు కాస్త నయం. వాన కోసం ఎదురుచూపులు మాత్రం అక్కడా తప్పవు.

సగటును నెలలవారీగా విడదీస్తే విషయం బోధపడుతుంది. జూన్, జూలై రెండూ కలిపి పడేది సుమారు 130 మిల్లీమీటర్లు. సెప్టెంబరు ఒక్క నెలలోనే 118 దాకా పడుతుంది. అక్టోబరులో మరో 110. అంటే వాన చివర బరువు. రైతు మాత్రం ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పదును దొరకగానే గొర్రు కడతాడు. జూలై మధ్యలో వేసిన శెనక్కాయ ఆగస్టు మధ్యకు పూతకొస్తుంది, నెలాఖరుకు ఊడలు దిగుతాయి. ఊడ లోపలికి దిగాలంటే నేల మెత్తగా ఉండాలి. మఖ, పుబ్బ కార్తెల్లో పదిహేను రోజులు బెట్ట తగిలిందంటే పైపొర గట్టిపడి ఊడల కొనలు మాడిపోతాయి. దూరం నుంచి చూసేవారికి చేను పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయలుండవు. తర్వాత ఉత్తర, హస్తల్లో వాన కుమ్మరించినా, మాడిన ఊడలు తిరిగి రావు. అక్టోబరు చివర, సరిగ్గా పీకే సమయానికి ముసురు పట్టిందా, ఉన్న నాలుగు కాయలూ భూమిలోనే మొలకెత్తుతాయి. ఇక్కడ ఎక్కువగా వేసే గుత్తి రకాల విత్తనానికి నిద్రావస్థ ఉండదు మరి. పీకి వేసిన కట్టె నల్లబడి పశువులకూ పనికిరాదు.

ఇంత నష్టమూ జరిగిన ఏడాదిలో కాగితం మీద వర్షపాతం ‘సాధారణం’ కావచ్చు. జూలై, ఆగస్టుల్లో ఎంత ఎండగట్టినా, సెప్టెంబరులో రెండు కుంభవృష్టులు కురిసి సీజన్ మొత్తం మీద లోటు 19 శాతం దాటకపోతే వాతావరణ శాఖ లెక్కలో అది మామూలు సంవత్సరమే. 2016లో సవరించిన కేంద్ర కరువు మాన్యువల్ బెట్టనూ ఒక సూచికగా తీసుకుంది. మంచి మార్పే. కానీ దాని ప్రకారం బెట్ట అంటే మూడు నాలుగు వారాలు. తాడిపత్రి, యాడికి వైపు నల్లరేగడి అన్నాళ్లు ఓర్చుకోగలదేమో. జిల్లా నేలల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎర్రనేలలే. వాటిలో చాలాచోట్ల మూరెడు లోతుకే రాయి తగులుతుంది, పదును పది పన్నెండు రోజులకు మించి నిలవదు. ఈ రెండు నేలలకూ ఒకే గడువు పెట్టడం అన్యాయం.

కొలిచే చోటూ సరిగా లేదు. సెప్టెంబరు వానలు చాలావరకు ఉరుములతో వచ్చేవి. ఒక ఊళ్లో వంక పారుతుంటే పక్క ఊళ్లో దుమ్ము రేగుతుంది. మండల కేంద్రంలోని వర్షమాపకం మీద ఆధారపడి ఊరూరికీ నష్టం కట్టడమంటే పడని వానను రైతు ఖాతాలో వేయడమే. ఆ జల్లులు ఒక్కోసారి వరదలూ అవుతాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలో కాలనీలు మునిగాయి. కరువు జిల్లాలో వరద ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. వాన ఇక్కడ అలాగే వస్తుంది, పట్టి నిలిపే చెరువులూ కుంటలూ వాటి వంకలూ పూడిపోయాయి.

మరి శెనక్కాయే ఎందుకు వేస్తారని బయటివారు తేలిగ్గా అడుగుతారు. ఒకప్పుడు ఈ నేలలో కొర్ర, సజ్జ, జొన్న పండేవి. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలయ్యాక శెనక్కాయ మరింత ఊపందుకుని, ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లు దాటింది. రాయితీ విత్తనం దానికే, పంట రుణం దానికే, బీమా దానికే, మార్కెట్టూ దానికే. కాయ రాకున్నా పశువులకు కట్టె దక్కుతుంది. రైతు మొండితనం కాదిది, పాలకులు వేసిన దారి. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు మేలైనవే గాని, ఊడ దిగే వేళ తేమ అడగని శెనక్కాయ లేదు. బోర్లను నమ్ముకుని చీనీ తోటలు పెట్టినవారు వందల అడుగులు తవ్వించి అప్పులపాలైన సంగతి ఈ జిల్లాలో ప్రతి ఊరికీ తెలుసు.

వాన మారదు గనుక పంటే వానకు సర్దుకోవాలి. కంది అందుకు దారి చూపుతోంది. సెప్టెంబరు, అక్టోబరు వానలు దానికి సరిగ్గా పూతకు ముందు అందుతాయి. అందుకే చాలా ఊళ్లలో కంది పెరుగుతోంది. ప్రకృతి సాగు రైతులు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచుతున్నారు. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది, ఉలవ ఆలస్యంగా వేసినా నిలబడుతుంది. అయితే ప్రత్యామ్నాయ ప్రణాళిక పేరుతో వచ్చే ఈ విత్తనాలు అదును దాటాక గాని కేంద్రాలకు చేరడం లేదు.

2022లో జిల్లా రెండుగా చీలి అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలయ్యాయి. రెండు కలెక్టరేట్లూ వచ్చే ఖరీఫ్‌కు ముందే చేయదగిన పనులున్నాయి. రైతు సేవా కేంద్రం ఉన్న ప్రతిచోటా వర్షమాపకం పెట్టాలి. కొర్ర, ఉలవ, అలసంద విత్తనాలను ఆశ్లేష కార్తె ప్రవేశించేలోపే ఊళ్లకు చేర్చాలి. ఎర్రనేలల్లో ఊడ దశలో పన్నెండు రోజుల బెట్టను పంట నష్టంగా గుర్తించమని రాష్ట్ర ప్రభుత్వం ద్వారా కేంద్రాన్ని అడగాలి. సీజన్ మొత్తం సగటుతో కరువును తేల్చే పద్ధతికి ఇకనైనా స్వస్తి చెప్పాలి.