తెర మీది తెలుగు

హోసూరులోని మా ఇంటికి ఈమధ్య ఒక పాత కంప్యూటర్ కొన్నాను. తెర నిండా ఇంగ్లీషే. భాషను కాపాడుకొనే హక్కు రాజ్యాంగం 29వ అధికరణం మనకిచ్చిందని పదిహేనేళ్ళుగా వాదిస్తున్న నేను, ఇంట్లోని యంత్రాన్ని మాత్రం తెలుగు అడగలేదు! మా అమ్మాయికి వీధిలో తమిళం, తెర మీద ఇంగ్లీషు. తెలుగు అక్షరం కనబడేదెక్కడ?

విండోస్ సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్' తెరిచి, తెలుగు చేర్చి, భాషా ప్యాక్ దించుకొని, దానినే తెర భాషగా ఎంచుకొన్నాను. సైన్ అవుట్ చేసి మళ్ళీ తెరిచేసరికి తెలుగు వచ్చింది. కొన్ని మాటలు కృతకంగా తోచిన మాట నిజమే. వాడగా వాడగా అలవాటవుతాయి.

అయితే ఒక జాగ్రత్త. విండోస్‌లో 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' అనే రకం ఉన్నది. అందులో తెలుగు టైపు చేయవచ్చు గాని, తెర భాషను అలా మార్చుకొనే వీలు లేదు. కనుక పాత కంప్యూటర్ కొనేముందే 'సిస్టమ్'లో 'అబౌట్' తెరిచి చూడండి. ఉచితంగా దొరికే ఉబుంటులోనూ తెలుగును ఎంచుకోవచ్చు.

350-ఎ అధికరణం చెప్పిన ప్రాథమిక మాతృభాషా బోధన కోసం ప్రభుత్వాలను అడుగుతూనే ఉందాం. మన ఇంటి తెరకు మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.