ఫోను బిల్లులో బడి వాటా

బోడుప్పల్‌లో ఏ గల్లీలోకి తిరిగినా కరెంటు స్తంభాలకు ఇంటర్నెట్ తీగలు జడల్లా వేలాడుతుంటాయి. అటు ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్, ఇటు పోచారంలో ఇన్ఫోసిస్. 'ఈ-టెక్నో' బోర్డు లేని ప్రైవేటు స్కూలు కోసం కాస్త వెతుక్కోవాలి. మరి ఇలాంటిచోట సర్కారు బడికి నెట్ రావడం కష్టమా? తీగ లాగడం కష్టం కాదండీ. నెలనెలా బిల్లు కట్టడమే కష్టం.

మన ప్రభుత్వాలు కంప్యూటర్లు కొనడంలో వెనకబడ్డాయనలేం. 1984లోనే 'క్లాస్' పథకం కింద దేశంలోని కొన్ని బడులకు బీబీసీ మైక్రోలు తెప్పించారు. 2004లో కేంద్రం 'ఐసీటీ ఎట్ స్కూల్స్' తెచ్చింది. దానికింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో సుమారు 5,000 ఉన్నత పాఠశాలల్లో ల్యాబులు పెట్టే పని ప్రైవేటు సంస్థలకిచ్చారు. ఐదేళ్లు నడిపి, సామాను బడికి అప్పగించి వెళ్లాలని ఒప్పందం. గడువు తీరింది, సంస్థలు వెళ్లాయి. చాలీచాలని జీతాలకు పాఠాలు చెప్పిన బోధకులూ 2013లో రోడ్డున పడ్డారు. ల్యాబు ఉంది, నేర్పే మనిషి లేడు!

ఇప్పటి సమగ్ర శిక్ష లెక్కా అదే బాణీ. ల్యాబుకు ఒకసారి 6.40 లక్షల దాకా, తర్వాత ఏటా 2.40 లక్షల చొప్పున ఐదేళ్లు. ఆరో ఏడు? ఇక బడికి మిగిలేది స్కూలు గ్రాంటే. వంద దాటి 250 మంది దాకా పిల్లలుంటే ఏడాదికి 50 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, మరమ్మతులు అన్నీ అందులోంచే. కనీసం పదిశాతం పారిశుద్ధ్యానికి పెట్టాలి. నెలకు వెయ్యి రూపాయల నెట్ అంటే గ్రాంటులో దాదాపు నాలుగోవంతు. పాపం హెడ్మాస్టరు నెట్ కడతాడా, నల్లా బాగుచేయిస్తాడా?

అమెరికా వాళ్లు ఈ చిక్కును ఇంకోరకంగా విప్పారు. 1996 టెలికాం చట్టంతో 'ఈ-రేట్' అని ఒక ఏర్పాటు వచ్చింది. బడి నెట్ బిల్లులో 20 నుంచి 90 శాతం దాకా రాయితీ. పేద పిల్లలు ఎక్కువుంటే రాయితీ ఎక్కువ. డబ్బు టెలికాం కంపెనీల నుంచి వస్తుంది, అవి దాన్ని ఫోను బిల్లులో కలుపుకుంటాయి. దానిమీద కోర్టు గొడవలు నడిచాయి. 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిధి చెల్లుతుందని తేల్చింది.

అలాంటి హుండీ మనకూ ఉంది! 2002లో పెట్టిన సార్వత్రిక సేవా నిధి. కంపెనీల సవరించిన ఆదాయంలో 5 శాతం అందులోకి పోతుంది, అంటే మీరూ నేనూ చేయించుకునే రీచార్జిలోంచే. 2023 చట్టం దాని పేరు డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. పల్లెలకు ఫైబర్ వేసే భారత్‌నెట్‌కు డబ్బు అక్కడిదే. 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రభుత్వ సెకండరీ పాఠశాలలన్నిటికీ దానిద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామన్నారు. బాగుంది. కానీ ఆ వాక్యంలో 'గ్రామీణ ప్రాంతాల్లో' అని ఒక మాటుంది.

బోడుప్పల్ పల్లె కాదాయె. గ్రామపంచాయతీగా ఉన్న ఊరు 2016లో మునిసిపాలిటీ అయింది, 2019లో కార్పొరేషన్ అయింది, 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిసిపోయింది. కాగితం మీద నగరం. బడిలో చదివేదేమో ఎక్కువగా పొట్టచేతబట్టుకొచ్చిన కూలీల పిల్లలు. అమెరికా లెక్కలో పేదరికం కొలబద్ద, మన లెక్కలో ఊరి హోదా. నన్నడిగితే మొదటిదే న్యాయం.

2024 సెప్టెంబరులో తెలంగాణ సర్కారు ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు జీవో ఇచ్చింది. హెడ్మాస్టర్ల నెత్తిమీది ఒక బిల్లు దిగింది. నెట్ బిల్లుకూ అలాంటి జీవో రాయొచ్చు. అప్పటిదాకా, మీ పిల్లలు సర్కారు బడిలో ఉంటే, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ కూర్చున్నప్పుడు పోయిన నెల నెట్ బిల్లు ఏ ఖాతాలోంచి కట్టారో అడిగి చూడండి.