మా బాపమ్మ త్యాగమూర్తి కాదు

మన పిల్లలు నాయినమ్మల మీద, అమ్మమ్మల మీద రాస్తున్న పోస్టులు చదువుతున్న. రెండు పోస్టులకొక 'త్యాగమూర్తి' తగులుతది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నా కొట్లాట ఆ మాటతోనే. త్యాగమంటే ఉన్నది ఇడిచిపెట్టుడు. మా బాపమ్మకు ఇడిచిపెట్టేటందుకు ఏమున్నది? ఆమె దగ్గర గుంజుకున్నరు.

కోరుట్ల దిక్కు పుట్టి, జగిత్యాల దిక్కు మాదిగవాడకు కోడలై వచ్చింది. దొర గడిల వాకిలి ఊడ్చుడు, పెండ తీసుడు, కూలి లేకుండ నాట్లేసుడు. దాని పేరు వెట్టి. మీరు ఓపిక అంటరు. 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీలు వేలకు వేలు కదిలిన జగిత్యాల జైత్రయాత్రకు మా చిన్నాయినను సంకనేసుకొని పోయింది. అక్టోబర్‌ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నది. తరాల కొద్ది వెట్టి చేస్తుంటె కనవడని కల్లోలం, చెయ్యం అన్నంక కనవడ్డది! ఆ యాత్ర నాయకుల పేర్లు మనకు నోటికొస్తయి. గడిల చీపురు పారేసిన ఆడోళ్ళ పేర్లు చెప్పుండ్రి సూద్దాం.

గడి పోయింది, ఒళ్ళెకు బీడీల చాట వచ్చింది. తునికాకు తడిపి బట్టల చుట్టాలె. కత్తెరతోని కోయాలె. తంబాకు పోసి చుట్టి, మూతి మలిచి, దారం కట్టాలె. 25 బీడీలకు కట్ట, 40 కట్టలకు వెయ్యి. కూలి లెక్క వెయ్యికే. ఆకు తక్కువిస్తరు, వెయ్యి మాత్రం నిండుగ అడుగుతరు. తక్కువ పడ్డ ఆకు ఆమెనే పైసలు పెట్టి కొనేది. బాగలేవని పక్కకు పడేసిన బీడీలకు కూలి లేదు, అవి తిరిగి ఇంటికి కూడ రావు. (ఇది మాదిగవాడ ముచ్చటే కాదు. సిరిసిల్ల పద్మశాలి ఇండ్లల్ల మొగోడు సాంచ కాడ, ఆడామె చాట కాడ.)

"మనుమని సదువు కోసం కండ్లు పోగొట్టుకున్నది" అంటరు సుట్టాలు. నా స్కాలర్‌షిప్ టైముకొస్తే ఆమె రాత్రిపూట బుగ్గ కింద కూసునే పని లేకుండె. తాత కూలి పైసలు కల్లు దుకాణం దాటి ఇంటికొచ్చినా లేకుండె. మొగోళ్ళం ఈ ముక్క ఎన్నడు రాయం.

1966ల బీడీ కార్మికుల చట్టం వచ్చింది. ఇంటికాడ చుట్టేటామె కూడ దాని లెక్కల కార్మికురాలే. 1976ల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. మా బాపమ్మ పేరు ఏ రిజిస్టర్ల ఎక్కలే. వేరేటామె కార్డు మీద చుట్టింది. తెలంగాణ వచ్చినంక బీడీల భృతి పెట్టిన్రు, 2019ల నెలకు 2,016 రూపాయలు చేసిన్రు. పిఎఫ్ ఉంటేనే. అరిగిపోయిన వేళ్ళు సాక్ష్యం కాదట, కాగితం కావాలట. ఆఖరికి ముసలి పింఛన్ వచ్చింది. వయసుకు వచ్చింది, పనికి రాలే.

అందుకే మీ అవ్వ మీద రాసేటప్పుడు దినాం ఎన్ని కట్టలు చుట్టింది, వెయ్యికి ఎంతిచ్చిన్రు, కార్డు ఎవరి పేరు మీదున్నది, అది రాయుండ్రి. పిఎఫ్ లేకుండ ఇయ్యాల్టికి చుట్టుతున్న అవ్వలు మన వాడలల్ల ఉన్నరు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నోట్‌బుక్కు పట్టుకపోండ్రి, అడిగి రాసుకొని తెండ్రి. వచ్చే భాగంల ఆ లెక్కలే పెడుదాం.

జై భీమ్.