వాగు దాటించకండి, బడిలోనే ఉంచండి

2024 ఆగస్టు 31, శనివారం. వాన ఉధృతమైందని బడి వదిలేశారు. ఇద్దరు పిల్లలను కారెక్కించుకుని ఇళ్లకు చేర్చబోయిన ఉపాధ్యాయుడు గుంటూరు జిల్లా పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర పొంగిన వాగులో చిక్కుకున్నారు. ముగ్గురూ ప్రాణాలతో బయటపడలేదు. ఆ వెంటనే బుడమేరు విజయవాడను ముంచింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో ఉరికింది. ఆ హోరులో ఉప్పలపాడు మరుగున పడింది. అసలు పాఠం మాత్రం అక్కడే ఉంది.

కృష్ణకు వరదొస్తే సాగర్, పులిచింతల దగ్గరే లెక్క తేలుతుంది. కరకట్ట ఊళ్లు సర్దుకునేందుకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఊరి వాగుకు అంత వ్యవధి లేదు. నాటి వాన వాయుగుండంతో వచ్చింది కనుక ముందే హెచ్చరికలున్నాయి. ఏ వాయుగుండమూ లేకుండా తెల్లవారుజామున పట్టుకునే ఉరుముల వాన ఇంకా ప్రమాదకరం. పైగాలి మందగిస్తే మేఘం ముందుకు కదలదు, ఒకే నాలుగూళ్ల మీద కుమ్మరిస్తుంది. 10 సెంటీమీటర్లు పడితే ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు. అప్పటికే నానిన నల్లరేగడి ఆ నీటిని ఇంకించుకోలేదు. పత్తి చేలల్లో నిలిచిన నీరు డొంకలోకి, డొంక నుంచి వాగులోకి పరుగెడుతుంది. సరిగ్గా అదే వేళకు బడి బస్సులు, మిరప నాట్లకు వెళ్లే కూలీల ఆటోలు రోడ్డెక్కుతాయి.

ఇదే జిల్లాలోని తాడేపల్లి మండలానికి ఈ విషయం కొత్త కాదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఉన్నదే ఈ మండలంలోని కుంచనపల్లిలో. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కొండవీటి వాగు నీరు నదిలో కలవలేక వెనక్కి తన్ని పొలాలను ముంచుతోందని 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం కట్టారు. వాగు చివర నీటిని మోటార్లు తోడగలవు. ఎగువన చప్టా మీద ఆగాలా, దాటాలా అన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పలేవు. హెచ్చరిక ఫోన్ల దాకా వస్తోంది, చప్టా దాకా రావడం లేదు. లోపం అక్కడుంది.

కాబట్టి మూడు పనులు వెంటనే జరగాలి. ఒకటి, బడికి సెలవు ఇవ్వాలనుకుంటే ఉదయం ఆరింటిలోపు, మండల స్థాయిలోనే ప్రకటించాలి. ఆ గడువు దాటి పిల్లలు బడికి చేరాక వాన ముదిరితే, భవనం భద్రంగా ఉన్నంతవరకు వారిని ఇళ్లకు పంపకూడదు. వాగు తీసేదాకా అక్కడే ఉంచి అన్నం పెట్టాలి. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి ఎటూ ఉండనే ఉంది. రెండు, ప్రతి చప్టా పక్కన లోతు గీతలున్న రాయి, రెండు వైపులా గొలుసు ఉండాలి. ఆ గొలుసు వేసే అధికారం, వేయకపోతే జవాబు చెప్పే బాధ్యత ఊళ్లోని ఒక సచివాలయ ఉద్యోగికి పేరుపెట్టి అప్పగించాలి. కలెక్టరేట్ నుంచి ఆదేశం వచ్చేవరకు వాగు ఆగదు. మూడు, వానాకాలానికి ముందే వాగుల్లో పూడిక, తూటికాడ తీయించి, గట్లు కలిపేసుకున్న ఆక్రమణలు తొలగించాలి.

ఏ ఊరి మీద మేఘం నిలుస్తుందో ముందే చెప్పలేమని అధికారులు అంటారు. నిజమే. కొన్ని ఉదయాలు గొలుసు వేశాక వాన వెలిసిపోవచ్చు. ఆ పూట కూలి పోయిన వారి నష్టం చిన్నదేమీ కాదు, దాన్ని ప్రభుత్వమే భరించాలి. కానీ రెండడుగుల నీరు ఉరవడిగా పారితే చాలు, కారు తేలిపోతుంది. రోజూ తిరిగే దారే కదా అన్న ధైర్యంతో మనవాళ్లు దిగుతున్నారు. ఆ ధైర్యానికి అడ్డం పడాల్సింది ఒక గొలుసు, దాని దగ్గర నిలబడే ఒక మనిషి. ఉప్పలపాడు తర్వాత కూడా ఆ రెండూ లేని చప్టా ఉందంటే, అక్కడ జరగబోయేదాన్ని ప్రకృతి వైపరీత్యం అనే హక్కు ప్రభుత్వానికి లేదు.